ఒంటరిగా ఆడితే మోసమా? క్లెరాంబోను అడగండి!

అవును, మళ్లీ చెబుతున్నాను, ఈసారి ఇంకాస్త గట్టిగా. 18వ శతాబ్దం తొలి నాళ్ల యుద్ధాలను బొమ్మ సైన్యాలతో బల్ల మీద ఆడాలంటే ఒక్కరే ఆడాలి. ఎదుటి కుర్చీలో ఇంకో మనిషి కూర్చున్నాడంటే ఆ ఆట అబద్ధమైపోతుంది. పోయిన వీడియోలో ఈ మాట అన్నందుకు కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు. "రెండు పక్షాలూ మీరే అయితే ఎత్తులన్నీ ముందే తెలిసిపోతాయి, అది ఆట కాదు, మోసం" అని ఒకరు. "స్నేహితులు లేనివాళ్ల కాలక్షేపం" అని ఇంకొకరు. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు. మొదటిదానికి ఉంది. బల్ల నిండా ఉంది.

కెమెరా కిందికి దించుతున్నాను, చూడండి. ఇది బవేరియాలో డాన్యూబ్ నది ఒడ్డు. 1704 ఆగస్టు 13, బ్లెన్‌హైమ్ యుద్ధం. మన వైపు దక్కనులో ముసలి ఔరంగజేబు మరాఠా కోటల వెంట పడి తిరుగుతున్న రోజులవి. ఆకుపచ్చ దుప్పటి మీద ఈ నీలం రిబ్బను నెబెల్ వాగు, దానికి రెండు పక్కలా చిత్తడి. వాగుకు ఇవతల ఇంగ్లిష్ సేనాపతి మార్ల్‌బరో, అతని ఎర్రకోట్ల సైనికులు, డచ్చివాళ్లు, డేన్‌లు, జర్మన్లు. ఆ చివర అతని మిత్రుడు, ఆస్ట్రియా సేనాని యూజీన్. అవతల ఫ్రెంచి సేనానులు తలార్, మార్సాన్, వాళ్ల మిత్రుడు బవేరియా పాలకుడు. ఒక్కో బొమ్మ ఎత్తు నా చిటికెన వేలి గోరంత కూడా లేదు. మూడు మూలల టోపీ అంచుకు తెల్లగీత గీయాలంటే ఊపిరి బిగపట్టాలి. అన్నట్టు, ఫ్రెంచి కోట్లకు పాలలాంటి తెల్లరంగు వేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది అద్దకం వేయని ఉన్ని, బాబూ! బూడిద కలిసిన తెలుపు. ముందు ఆ రంగు సరిచేసుకుని తర్వాత నాకు నీతులు చెప్పండి.

సరే, విషయానికి వద్దాం. శత్రువు ఎత్తు తెలిస్తే ఆట చచ్చిపోతుందని కదా మీ వాదన? ఆ ఉదయం తలార్‌కు శత్రువు కనబడలేదా? కనబడ్డాడు. మంచు విడుతుంటే వాగు అవతల సైన్యం బారులు తీరుతోంది. అది చూసి ఆయన ఏమి చేశాడు? శత్రువు నార్డ్‌లింగెన్ వైపు తరలిపోతున్నట్టుందని ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీకి ఉత్తరం రాశాడు. మీదికొచ్చే సైన్యాన్ని చూసి పారిపోతోందని రాజుకు రాసిన మనిషికి ఇంకా ఏ రహస్యం దాచాలి? కళ్లెదుట ఉన్నదే బుర్రకు ఎక్కలేదు! అందుకే అంటున్నాను, ఆ కాలపు యుద్ధంలో రహస్యానిది చిన్న పాత్ర. సేనాపతి అనుకున్నది ఒకటి, రెండు మైళ్ల దూరంలో అతని కిందివాడు చేసింది ఇంకొకటి. యుద్ధమంతా ఆ తేడాలోనే ఉంది.

ఇప్పుడు ఈ ఊరు చూడండి, ఇదే బ్లెన్‌హైమ్. ఫ్రెంచివాళ్ల కుడి కొస. మొదట లోపల 9 బెటాలియన్లు (ఒక్కోదానిలో కొన్ని వందల మంది కాల్బలం), అవసరపడితే పంపడానికి వెనక మరికొన్ని. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో ఇంగ్లిష్ సేనాని కట్స్ దళం ఊరి మీద పడింది. ముందు నడిచిన రో అనే బ్రిగేడియర్ తన కత్తి కంచెకు తగిలేదాకా ఎవరూ తుపాకీ పేల్చకూడదన్నాడు. అలాగే నడిచి, కంచె దాకా వెళ్లి, అక్కడే కూలిపోయాడు. దాడి విఫలమైంది. రెండోదీ విఫలమైంది. అంటే ఊళ్లో ఉన్నవాళ్లు బ్రహ్మాండంగా నిలబడ్డారు. కానీ ఊరి బాధ్యత చూస్తున్న క్లెరాంబోకు గుండె జారింది. తలార్‌ను ఒక్క మాట అడగకుండా వెనక ఉన్న బెటాలియన్లన్నింటినీ లోపలికి లాగేశాడు. మొత్తం 27! సంక్రాంతి ముందు రోజు బస్సులో జనంలా ఇరుక్కుపోయారు. తుపాకీ ఎత్తడానికి చోటు లేదు. బయట మైదానం మధ్యలో తలార్‌కు మిగిలిన కాల్బలం 9 బెటాలియన్లు. ఊళ్లో 27, మైదానంలో 9. మార్ల్‌బరో ఊరి మీద దాడులు ఆపించి, నడిమి భాగాన్ని చీల్చేశాడు. ఆ తొమ్మిదీ నిలబడ్డచోటే నరికివేతకు గురయ్యాయి. తలార్ పట్టుబడ్డాడు. క్లెరాంబో డాన్యూబ్‌లో మునిగిపోయాడు. సాయంత్రానికి ఊళ్లో సుమారు 10,000 మంది ఆయుధాలు దించారు. నవార్ రెజిమెంటువాళ్లు శత్రువు చేతికి ఇవ్వలేక తమ జెండాలు తగలబెట్టుకున్నారు.

ఇప్పుడు ఎదుట ఒక మనిషిని కూర్చోబెట్టి ఫ్రెంచి పక్షం ఆడమనండి. 27 బెటాలియన్లను ఒక్క ఊళ్లో కుక్కుతాడా? చచ్చినా కుక్కడు. ఎందుకంటే అతనికి కథ తెలుసు! మీరు అంతగా వెనకేసుకొస్తున్న రహస్యం ఇద్దరి ఆటలో ఎక్కడుంది? ఇద్దరూ చరిత్ర చదువుకునే వచ్చారు. పైగా ఎదుటివాడొక్కడే తలార్, ఒక్కడే క్లెరాంబో, ఒక్కడే ప్రతి కెప్టెనూ. అందరూ ఒకే బుర్రతో, ఒకే క్షణంలో, చెప్పిన మాట వింటారు. అలాంటి సైన్యం ఐరోపాలో 1704లో లేదు, ఏ కాలంలోనూ లేదు. మరి మోసం ఎవరిది?

నా బల్ల మీద ఏమి జరుగుతుందో చూడండి. ఒక పేక కట్ట. ఎర్ర ముక్క వస్తే మార్ల్‌బరో పక్షం, నల్ల ముక్క వస్తే తలార్ పక్షం, అదీ ఒక్క దళాధిపతి మాత్రమే కదలాలి. జోకరు పడిందా, ఆ వంతు అక్కడితో సరి, కదలనివాడు కదలనట్టే. ఊరి మీద దాడి జరిగిన ప్రతిసారీ క్లెరాంబో పేరిట పాచిక వేస్తాను. 4, 5, 6 పడితే నిబ్బరంగా ఉంటాడు. 2, 3 పడితే వెనక నుంచి ఒక దళం ఊళ్లోకి. 1 పడితే అందినవన్నీ ఊళ్లోకి. తలార్ బొమ్మ పక్కనే ఉంటే ఒకటి కలుపుతాను. కానీ అసలు యుద్ధంలో ఆ సమయానికి తలార్ పక్కన లేడు, అవతల మార్సాన్ దగ్గరికి వెళ్లి ఉన్నాడు. కాబట్టి కలపను.

నిన్న రాత్రి ఆడినదే చెబుతాను. కట్స్ కదిలాడు, దాడి చేశాడు, తిరిగొచ్చాడు. క్లెరాంబోకు పాచిక వేస్తే 5. అబ్బ, బతికాం అనుకున్నాను. రెండో దాడి, 1! ఫ్రెంచి పక్షం గెలవాలని ఆ క్షణాన నా ప్రాణం కొట్టుకుంటోంది. తప్పని తెలుసు, ఘోరమని తెలుసు, అయినా బెటాలియన్ల బొమ్మలున్న ఆ ట్రేలను ఒక్కొక్కటిగా నా చేత్తో నేనే ఊళ్లోకి తోయాలి. వాటి కోసం చోటు చేయడానికి అట్ట ఇల్లు ఒకటి తీసి పక్కన పెట్టాను. ఎత్తు తెలిసి ఏమి లాభం, చెప్పండి?

"మరి రామిలీ?" అంటారు, నాకు తెలుసు. 1706 మే 23న అదే మార్ల్‌బరో ఫ్రెంచివాళ్లతో చేసిన ఇంకో యుద్ధం. మార్ల్‌బరో తన కుడి పక్క సైన్యాన్ని గుట్ట వెనక నుంచి ఎడమకు మళ్లించాడు, ఫ్రెంచి సేనాపతి విల్‌రువాకు తెలియలేదు. ఇక్కడ మీ మాటకు బలం ఉన్నట్టే కనిపిస్తుంది. లేదు! ఆంగ్లేయుల మొదటి దెబ్బ పడే వైపు ప్రత్యేకంగా కనిపెట్టుకుని ఉండమని విల్‌రువాకు ముందే రాజుగారి ఉత్తరం అందింది. ఎర్రకోట్లు కనబడగానే ఆయన అటు బలం పెంచాడు. అతన్ని కట్టేసింది వెర్సాయి నుంచి వచ్చిన ఆ కాగితం. బల్ల మీద అది ఒక ముక్క, కళావరు రాజు అనుకోండి. ఇక ఇటు మార్ల్‌బరో కుడి పక్క దాడి నడిపిన ఆర్క్‌నీ సంగతి చూడండి. దాడి బాగా సాగుతోంది, వెనక్కి రమ్మని దూత మీద దూత వచ్చినా కదలడు. చివరికి మార్ల్‌బరో ముఖ్య సహాయకుడు కడొగన్ స్వయంగా గుర్రమెక్కి వచ్చి చెబితే గొణుక్కుంటూ వెనుదిరిగాడు. మీ ఇద్దరి ఆటలో ఆర్క్‌నీ గొణగడం ఎప్పుడైనా విన్నారా?

ఇదేమీ నా సొంత పిచ్చి కాదు. 1824లో ప్రష్యా సైన్యానికి రైస్విట్జ్ తయారుచేసిన యుద్ధక్రీడలో ఆజ్ఞలు కాగితం మీద రాసి మధ్యవర్తికి ఇవ్వాలి. అవి ఎప్పుడు చేరాలో ఆయన తేలుస్తాడు. నాకు ఆ మధ్యవర్తి పేకముక్కలే.

వచ్చే వీడియోలో స్వీడన్, రష్యాల మధ్య పొల్టావా యుద్ధం, 1709. స్వీడన్ రాజు పన్నెండో చార్లెస్ కాలికి గాయమై డోలీలో ఉన్నాడు. రష్యన్ల మట్టి కోటలను దాటుకుని ముందుకు పోవాలన్నది పథకం. అది రూస్ అనే సేనానికి సరిగా చేరలేదు. 18 బెటాలియన్లలో 6 అతని వెంట ఆ కోటల దగ్గరే చిక్కుకుపోయి, చివరికి లొంగిపోయాయి. రూస్‌కు పథకం అర్థం కావాలంటే పాచిక మీద ఎంత పడాలి? నేను 6 అంటున్నాను, అంతకు తగ్గేది లేదు. 4 చాలు అనేవాళ్లు కారణం కూడా రాయండి, ఊరికే తిట్టేసి పోకండి.