ఎవరూ పోని ప్రమాదం

(కావలిలో ఒక కళాశాల విద్యార్థులు వేసవి సెలవులకు ముందు పెట్టుకున్న సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాక ఆ అమ్మాయి రెండుసార్లు చదివింది, మూడోసారి నేను చదవను. ప్రిన్సిపాలు గారు పది నిమిషాలే అన్నారు. నాకిచ్చిన కాగితం మీద 'సముద్ర క్రీడలు - భద్రత' అని ఉంది. దాని సంగతి తర్వాత. ముందు గల్లంతు అనే మాట గురించి చెప్పాల.

మైపాడైనా, కొత్తపట్నమైనా, పేపర్లో ఒకటే వాక్యం: సముద్రంలో దిగి ఇద్దరు గల్లంతు. ఎన్ని గంటలకు దిగారు? గాలి ఎటు నుంచి? పోటా, పాటా? నడుంలోతులో నిలబడ్డ మనిషిని ఏది లాగింది? ఏమీ ఉండదు. మా పాలెంలో ఇంకా చిన్న మాట, 'గంగమ్మ తీసుకుపోయింది'. మా వాళ్లను తప్పుబట్టడం లేదు. బిడ్డ పోయిన ఇంట్లో గాలి ఎటు వీచిందని ఎవరడుగుతారు?

సరే, నా కథ. మూడేళ్ల కిందట, మే నెల. అరవై దాటాక నాకు కయాక్ ఎక్కాలని బుద్ధి పుట్టింది. పదేళ్లకే తెప్ప మీద తెడ్డేసినవాణ్ని, ఈ ప్లాస్టిక్ దోనె నాకో లెక్కా? అద్దెకిచ్చే కుర్రాడు లైఫ్ జాకెట్ ఇచ్చాడు. ఉక్కగా ఉందని బకిల్సు పెట్టుకోలా. సెల్లు చొక్కాలో, చొక్కా ఒడ్డున. ఎప్పుడొస్తానో ఎవరికీ చెప్పలా. పొద్దున ఎనిమిదిన్నర. సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలాగుంది.

ఎందుకట్టా ఉంది? పడమటి గాలి. మన తీరం తూర్పు ముఖం, ఆ గాలి నేల మీద నుంచి నీళ్ల మీదికి పోతుంది. ఒడ్డు చాటున అల లేవదు. అర మైలు పోయాక తెలుస్తుంది దాని సంగతి. మా తాతలు ఆ గాలికే తెరచాప ఎత్తి తెల్లారగట్ల లోపలికి పోయేవాళ్లు, మధ్యాన్నం సముద్రపు గాలి తిరిగాక దాంతోనే ఇల్లు చేరేవాళ్లు. ఇదంతా ముప్పై ఏళ్లు బళ్లో చెప్పినవాణ్ని. చెప్పినవాణ్నే బోల్తా పడ్డా.

తెడ్డు కొట్టుకుపోతుంటే దాని కోసం కయాక్ వదిలేశా. అదీ తప్పు! ఖాళీ కయాక్ గాలికి ఎండుటాకులా పోతుంది, ఎంత ఈదినా అందదు. బకిల్సు లేని జాకెట్ చెవుల దాకా లేచింది. అరుద్దామంటే ఎవరున్నారు? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, ఇంజను బోట్లన్నీ ఇసుక మీదే. వెనక వరస కూడా వినాల, మళ్లీ చెబుతున్నా: జనం విరగబడి బీచికి వచ్చే నెలల్లోనే, పడమటి గాలి ముదిరే నెలల్లోనే, ఆదుకునే బోట్లు గట్టు మీదుంటాయి.

నన్ను తీసింది ఇంజను లేని తెప్ప. దానికి నిషేధం వర్తించదు. నాకంటే పదేళ్లు పెద్దాయన, జుట్టు పట్టి పైకి లాగి, "ఏంది అయ్యోరా, పిలకాయలకు నువ్వు చెప్పేది ఇదేనా?" అన్నాడు.

ఆ రాత్రే రెండు పేజీలు రాశా. గంట, గాలి, బకిల్సు, తెడ్డు, అన్నీ. తప్పులన్నీ నావేనని రాశా. బీచిలో అతికించమంటే అద్దెకిచ్చేవాళ్లు "బేరం పోద్ది సార్" అన్నారు. ఒక ఆఫీసులో "ఎవరన్నా పోయారా?" అన్నారు. లేదన్నా. "మరింకేంది?" మావాడైతే "పరువు పోద్ది నాయనా" అన్నాడు. ఎవరూ పోలేదు గనకే గదయ్యా రాయగలిగింది! పోయినవాడు తిరిగొచ్చి రాస్తాడా?

ఇంగ్లాండులో లైమ్ బే అని ఒక అఖాతం ఉంది. 1993 మార్చి 22న ఎనిమిది మంది బడిపిల్లలు, వాళ్ల టీచరు, ఇద్దరు శిక్షకులు కయాకుల్లో బయల్దేరారు. అక్కడా గాలి ఒడ్డు నుంచి లోపలికే. నలుగురు పిల్లలు పోయారు. అంతకు ముందు ఏడాదే, వాళ్లను తీసుకుపోయిన సాహస క్రీడల కేంద్రంలో పనిచేసి వెళ్లిపోయిన ఇద్దరు శిక్షకులు ఉత్తరం రాశారు, ఇట్టాగే నడిపితే ఎవరి బిడ్డో ఇంటికి రాకపోవచ్చని. అప్పుడు పట్టించుకోలేదు. 1994లో కోర్టులో ఆ ఉత్తరమే బలమైన సాక్ష్యమైంది. ఆ కేంద్రం నడిపే కంపెనీ మేనేజింగ్ డైరెక్టరు జైలుకు పోయాడు, కంపెనీకీ శిక్ష పడింది, 1995లో పిల్లల సాహస కేంద్రాలకు చట్టమొచ్చింది. నాకు ఆ చట్టం కంటే ఆ ఉత్తరమే గుర్తుంటుంది. అది రాసేనాటికి ఎవరూ పోలేదు.

ప్రిన్సిపాలు గారు వాచీ చూస్తున్నారు. విజిల్, బకిల్సు, తిరిగొచ్చే టైము ఒడ్డున ఒకరికి చెప్పడం, కోస్ట్ గార్డ్ నంబరు 1554, ఇవన్నీ మీ బ్యానరు మీదే ఉన్నాయి, చదువుకోండి. నేను తెచ్చింది ఈ నోటుపుస్తకం. మొదటి రెండు పేజీలు నావి, మిగతావి ఖాళీ.

ఆ కిటికీ దగ్గర నీలం చొక్కా అబ్బయ్యా, మొన్న తుమ్మలపెంటలో నీ కయాక్ తిరగబడిందని మీవాళ్లు గుసగుసలాడుతుంటే విన్నాలే. నవ్వబాకండ్రా. ఇట్రా నాయనా. పెన్నుందా?