కప్పు గెలిచిన కోచ్, లోటు పడ్డ ఖాతా

అందరికీ నమస్కారం.

ఆదివారం పూట, బయట ఇంత మంచి ఎండ కాస్తుంటే, ఒక యూనివర్సిటీ ఆటల శాఖ జమాఖర్చులు వినడానికి ఇంతమంది వచ్చారంటే నాకు రెండే కారణాలు తోస్తున్నాయి. మీరు యూకాన్ (యూనివర్సిటీ ఆఫ్ కనెక్టికట్) జట్ల, అంటే హస్కీల, అభిమానులయినా అయ్యుండాలి, పిల్లల ఫీజులు కడుతున్న తల్లిదండ్రులయినా అయ్యుండాలి. రెండూ అయినవాళ్లకు నా సానుభూతి.

హార్ట్‌ఫర్డ్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లలో చాలామందిమి ఇన్సూరెన్స్ కంపెనీల ఐటీ పనుల మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టనివాళ్లం. అయినా మార్చి వచ్చిందంటే ఆఫీసులో అందరితో పాటు బ్రాకెట్ (టోర్నమెంట్‌లో ఏ మ్యాచ్ ఎవరు గెలుస్తారో ఊహించే పట్టిక) నింపుతాం, కాలేజీ బాస్కెట్‌బాల్ గురించి పుట్టినప్పట్నుంచీ తెలిసినట్టు మాట్లాడతాం. నేనూ ఆ బాపతే. కాకపోతే నా ఉద్యోగం ఆడిట్. స్కోరు చూశాక కన్ను ఖర్చు మీదకు పోతుంది.

ముందు గెలుపు సంగతి. అబ్బాయిల బాస్కెట్‌బాల్ కోచ్ డాన్ హర్లీ 2018లో రోడ్ ఐలండ్ యూనివర్సిటీ నుంచి యూకాన్ ఉన్న స్టోర్స్‌కు వచ్చాడు. మొదటి సీజన్ 16 గెలుపులు, 17 ఓటములు. 2021లో జాతీయ టోర్నమెంట్ (మార్చిలో జరిగేది) మొదటి మ్యాచ్‌లోనే ఇంటికి, 2022లో మళ్లీ మొదటి మ్యాచ్‌లోనే ఇంటికి. అప్పట్లో ఈ ఊళ్లో ఆయన గురించి ఏం మాట్లాడుకున్నారో గుర్తున్నవాళ్లు ఇప్పుడు గుర్తు లేనట్టు నటిస్తున్నారు. 2023లో జాతీయ టైటిల్. 2024లో ఫైనల్లో పర్డ్యూను 75-60తో ఓడించి మళ్లీ టైటిల్. ఆ వేసవిలో ప్రొఫెషనల్ జట్టు లాస్ ఏంజెలిస్ లేకర్స్ పిలిచినా పోలేదు. యూకాన్ ఆయనతో ఆరేళ్లకు 50 మిలియన్ డాలర్ల ఒప్పందం రాసుకుంది. అమ్మాయిల జట్టు సంగతి సరేసరి, జీనో ఆరియెమా 2025లో పన్నెండో టైటిల్ తెచ్చాడు.

ఇన్ని కప్పులు తెచ్చే శాఖ లాభాల్లో ఉండాలి కదా? 2021 ఆర్థిక సంవత్సరంలో యూకాన్ అథ్లెటిక్స్ లోటు సుమారు 47 మిలియన్ డాలర్లు. కోవిడ్ సంవత్సరం, సరే అనుకుందాం. 2022లో 53 మిలియన్లు. టైటిళ్లు వచ్చాక లోటు తగ్గింది గానీ పోలేదు, ఇంకా పదుల మిలియన్లలోనే ఉంది. దాన్ని పూడ్చేది యూనివర్సిటీ. యూనివర్సిటీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో వేరే చెప్పాలా, మీ ట్యూషన్ చెక్కులు ఒక దారి, మన పన్నులు ఇంకో దారి.

గెలిస్తే డబ్బు వస్తుందన్న మాట అబద్ధం కాదు. అది ఎంత, ఏ దారిన వస్తుందో ఒక్కసారి దగ్గరగా చూద్దాం. టోర్నమెంట్ టీవీ హక్కుల డబ్బులోంచి, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఒక నిధి పక్కన పెడుతుంది. జట్టు ఆడిన ఒక్కో మ్యాచ్‌కు ఒక 'యూనిట్'. ఫైనల్‌కు మాత్రం యూనిట్ ఉండదు. అంటే ఆరు మ్యాచ్‌లు నెగ్గి కప్పెత్తిన జట్టు సంపాదించేది ఐదు యూనిట్లు. ఒక్కో యూనిట్ విలువ రమారమి 2 మిలియన్ డాలర్లు, అదీ ఆరేళ్ల పాటు విడతల్లో. మొత్తం 10 మిలియన్లు అనుకోండి. ఆ సొమ్ము నేరుగా యూకాన్‌కు రాదు, యూకాన్ ఉన్న బిగ్ ఈస్ట్ కాన్ఫరెన్సుకు (కలిసి లీగ్ ఆడే స్కూళ్ల కూటమికి) వెళ్తుంది. బిగ్ ఈస్ట్‌లో ఉన్నవి పదకొండు స్కూళ్లు. పంపకానికి ఒక్కో కాన్ఫరెన్సుది ఒక్కో పద్ధతి గానీ, సమానంగా పంచారనే అనుకుందాం. ఒక్కో స్కూలుకు తొమ్మిది లక్షల డాలర్లు, ఏడాదికి చూసుకుంటే లక్షన్నర.

ఇప్పుడు హర్లీ ఒప్పందాన్ని సగటున వారానికి లెక్కేయండి. 50 మిలియన్లు, ఆరేళ్లు, ఏడాదికి 52 వారాలు. వారానికి లక్షా అరవై వేలు. జాతీయ టైటిల్ తెచ్చిపెట్టిన యూనిట్ల మీద ఏడాదికి వచ్చే వాటా ఆ టైటిల్ తెచ్చిన కోచ్ ఒక్క వారం జీతానికి కాస్త తక్కువ.

ఇది హర్లీ మీద ఫిర్యాదు కాదు. టికెట్లు అమ్ముడవుతాయి, దాతలు చెక్కులు రాస్తారు, అప్లికేషన్లు పెరుగుతాయి, ఇవన్నీ నిజమే. కానీ "కప్పు కొట్టాం కాబట్టి జీతం దానంతటదే వచ్చేసింది" అని ఎవరైనా అంటే ఆ వాక్యాన్ని ఏ ఆడిటరూ సంతకం పెట్టి పంపడు.

అసలు కథ జీతంలో కూడా లేదు. పేపర్లు జీతం అంకెను హెడ్‌లైన్‌లో వేస్తాయి కాబట్టి అందరం దాన్నే పట్టుకుంటాం. డబ్బు పోయేది ఒప్పందం వెనక పేజీల్లో. హర్లీకి ముందు కోచ్‌గా చేసిన కెవిన్ ఓలీ వ్యవహారం ఇందుకు చదువుకోదగ్గ పాఠం. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఏమీ అనుకోకండి.

ఓలీ యూకాన్‌లోనే ఆడినవాడు. 2012లో అప్పటి కోచ్ జిమ్ కల్హూన్ తప్పుకున్నాక కోచ్ అయ్యాడు. 2014లో ఏడో సీడ్‌గా (టోర్నమెంట్‌కు ముందు జట్టుకిచ్చే ర్యాంకు, ఒకటి అంటే బలమైన జట్టు) వచ్చి టైటిల్ కొట్టాడు. ఊరంతా నెత్తిన పెట్టుకుంది, ఒప్పందం పొడిగించారు. ఆ తర్వాత 2016-17లో 16 గెలుపులు, 17 ఓటములు, మరుసటి ఏడాది 14-18. వరుసగా రెండు సీజన్లు ఓటములే ఎక్కువ. మామూలుగా అయితే మిగిలిన ఒప్పందం డబ్బు ఇచ్చి పంపించాలి. యూనివర్సిటీ అలా చేయలేదు. ఎన్‌సీఏఏ నిబంధనలు ఉల్లంఘించాడు, కాబట్టి తగిన కారణంతోనే తీసేస్తున్నాం, పైసా ఇవ్వక్కర్లేదు అంది.

ఇక్కడే తిరకాసు పడింది. యూకాన్‌లో కోచ్‌లు కూడా ప్రొఫెసర్ల యూనియన్ ఒప్పందం కిందికే వస్తారు. అంటే కెమిస్ట్రీ మాస్టారిని తీసేయాలంటే ఎంత రుజువు చూపించాలో బాస్కెట్‌బాల్ కోచ్‌ను తీసేయాలన్నా అంత చూపించాలి. వ్యవహారం ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) ముందుకు వెళ్లింది. దాదాపు నాలుగేళ్లు నలిగి, 2022 జనవరిలో ఓలీకి 11 మిలియన్ల పైచిలుకు కట్టాలని తీర్పు వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో పరువు నష్టం, లాయర్ ఖర్చుల కింద ఇంకో 3.9 మిలియన్లకు రాజీ కుదిరింది. ఎగ్గొడదామనుకున్న ఖర్చు తడిసి మోపెడయింది. ఇందాక చెప్పిన 53 మిలియన్ల లోటు సంవత్సరం గుర్తుందా? ఆర్బిట్రేటర్ తీర్పు వచ్చింది ఆ సంవత్సరంలోనే.

ఇందులో కోచ్ పనితీరు ఎంత, సంతకం పెట్టినవాళ్ల పనితీరు ఎంత? ఓలీ ఓడిపోయాడు, నిజం. కానీ ఒక్క టైటిల్ వేడిలో పొడిగింపు ఇచ్చింది ఓలీ కాదు. తమ యూనియన్ ఒప్పందంలో ఏముందో చూసుకోవాల్సింది కూడా ఓలీ కాదు. ఓటమికి కోచ్‌ని నిలదీసినట్టు ఒప్పందానికి అథ్లెటిక్ డైరెక్టర్ని, అంటే ఆటల శాఖ అధిపతిని, ఎవరూ నిలదీయరు.

కెంటకీ యూనివర్సిటీలో కోచ్ జాన్ కాలిపారిది ఇదే బాణీలో ఇంకా పెద్ద ఎత్తున నడిచింది. 2019లో పదేళ్లకు 86 మిలియన్ల ఒప్పందం. తర్వాత జట్టు టోర్నమెంట్‌లో తడబడుతున్నా, తీసేయాలంటే 33 మిలియన్ల దాకా కట్టాలి. మింగలేక కక్కలేక కూర్చున్నారు. 2024లో ఆయనే లేచి ఆర్కన్సా యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. కెంటకీ యూనివర్సిటీ ఉన్న లెక్సింగ్టన్‌లో ఆ రాత్రి అకౌంటెంట్లు ఎంత హాయిగా నిద్రపోయారో ఊహించగలను.

ఇంతకీ కోచ్ బాగా చేశాడా లేదా అని తేల్చేది ఎలా? మార్చి ఫలితాన్ని చూసి తేల్చడం మనకు అలవాటు. ఒక చిన్న లెక్క చెప్తాను. మీ జట్టు ఎంత గొప్పదంటే, ఎవరితో ఆడినా గెలిచే అవకాశం 80 శాతం. అలాంటి జట్టు ఆరు మ్యాచ్‌లూ గెలిచే అవకాశం ఎంత? 0.8ని ఆరుసార్లు గుణిస్తే 26 శాతం. ఎవరొచ్చినా పదిలో ఎనిమిదిసార్లు చిత్తు చేసే జట్టు కూడా నాలుగేళ్లలో మూడేళ్లు ఏడ్చుకుంటూ ఇంటికి రావాల్సిందే. 2025లో యూకాన్ రెండో రౌండ్‌లో ఫ్లోరిడా చేతిలో 77-75తో ఓడింది. ఆ ఫ్లోరిడానే ఆ ఏడాది టైటిల్ కొట్టింది. ఆ రెండు పాయింట్లు అటూ ఇటూ అయితే హర్లీ గురించి మనం మాట్లాడుకునే తీరే వేరుగా ఉండేది.

వర్జీనియా యూనివర్సిటీ కథ ఇంకా బావుంటుంది. 2018లో అక్కడి కోచ్ టోనీ బెనెట్ జట్టు దేశంలో నంబర్ వన్. యూఎంబీసీ అనే పదహారో సీడ్ చేతిలో 74-54తో ఓడింది. పురుషుల టోర్నమెంట్‌లో ఒకటో సీడ్ పదహారో సీడ్‌కు ఓడటం అదే మొదలు. వర్జీనియా కంగారు పడలేదు, అదే కోచ్‌తో మరుసటి ఏడు టైటిల్ కొట్టింది. యూనివర్సిటీ జీతం పెంచుతానంటే బెనెట్ వద్దన్నాడు. ఆ డబ్బు తన సహాయ సిబ్బందికీ ఆటల సౌకర్యాలకూ పెట్టమన్నాడు. ఆటగాళ్లకు ఆట తర్వాతి ఉద్యోగాల శిక్షణ కోసం భార్యతో కలిసి అర మిలియన్ తన జేబులోంచి ప్రకటించాడు. ఈ రంగంలో ఇలాంటి వార్త నేను మళ్లీ చదవలేదు. కొసమెరుపు ఏమిటంటే, ఆ రోజు బెనెట్‌ను ఓడించిన కోచ్ ర్యాన్ ఓడమ్‌నే 2025లో వర్జీనియా తన కోచ్‌గా తెచ్చుకుంది.

బడ్జెట్‌కూ గెలుపుకూ సంబంధం లేదనడానికి అందరూ సెయింట్ పీటర్స్‌ను చూపిస్తారు. జెర్సీ సిటీలోని చిన్న కాలేజీ. 2022లో పదిహేనో సీడ్‌గా వచ్చి కెంటకీని ఓవర్‌టైమ్‌లో 85-79తో మట్టి కరిపించింది. దాని జట్టు మొత్తం ఖర్చు ఏడాదికి రెండు మిలియన్ల లోపు. కాలిపారి ఒక్కడి జీతమే దానికి నాలుగు రెట్ల పైన. కోచ్ షహీన్ హాలోవే జట్టును ఎలీట్ ఎయిట్ (చివరి ఎనిమిది జట్లు) దాకా తీసుకెళ్లాడు, పదిహేనో సీడ్ అంత దూరం వెళ్లడం అదే తొలిసారి. చూశారా, డబ్బుతో పని లేదు, మంచి కోచ్ ఉంటే చాలు అన్నారు అందరూ.

ఆ తర్వాతి సంగతి ఎవరూ చెప్పరు. కొన్ని రోజుల్లోనే హాలోవేను సీటన్ హాల్ యూనివర్సిటీ ఎగరేసుకుపోయింది. ముఖ్యమైన ఆటగాళ్లు చాలామంది తలా ఓ దారి పట్టారు. మరుసటి సీజన్ సెయింట్ పీటర్స్ 14-18. హాలోవే సీటన్ హాల్‌లో 2024లో ఎన్ఐటీ (అసలు జాతీయ టోర్నమెంట్‌లో చోటు దొరకని జట్లు ఆడే రెండో స్థాయి టోర్నమెంట్) గెలిపించాడు. ఆ వేసవిలో ఆయన జట్టులో పెద్ద దిక్కయిన కడారీ రిచ్‌మండ్ సెయింట్ జాన్స్ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. అక్కడ రిక్ పిటీనో కోచ్, వెనక కోటీశ్వరుడైన దాత. 2024-25లో సెయింట్ జాన్స్ బిగ్ ఈస్ట్ విజేత. హాలోవే సీటన్ హాల్ 7 గెలుపులు, 25 ఓటములు. మూడేళ్లలో మనిషి తెలివి ఇంకిపోలేదు కదా! తక్కువ డబ్బుతో ఒక మార్చి గెలవొచ్చు. ఆ గెలిచిన జట్టును మరుసటి మార్చి దాకా నిలబెట్టుకోవడానికి డబ్బు కావాలి.

2021 జులైలో ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకోవచ్చని ఎన్‌సీఏఏ ఒప్పుకున్నాక ఇది మరీ తేటతెల్లమైంది. 2025 జూన్‌లో, డబ్బు కోసం ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన 'హౌస్' కేసు రాజీకి కోర్టు ఆమోదం వచ్చింది. పాత ఆటగాళ్లకు పదేళ్లలో 2.8 బిలియన్ల దాకా బకాయి. ఇకపై స్కూళ్లే నేరుగా ఆటగాళ్లకు ఇవ్వొచ్చు, 2025-26కు గరిష్ఠంగా 20.5 మిలియన్లు. ఆడే పిల్లలకు డబ్బు ఇవ్వడం న్యాయమేనని నా అభిప్రాయం, ఇన్నేళ్లు ఇవ్వకపోవడమే అన్యాయం. కానీ లోటులో ఉన్న శాఖకు అది కొత్త ఖర్చు పద్దు.

ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్) గురించి క్లుప్తంగా. పెద్ద టీవీ డబ్బు ఫుట్‌బాల్ వెంట పోతుంది. బిగ్ టెన్ కాన్ఫరెన్సు 2023 నుంచి ఏడేళ్లకు 7 బిలియన్ల పైచిలుకు టీవీ ఒప్పందం చేసుకుంది. బిగ్ ఈస్ట్ ప్రధానంగా బాస్కెట్‌బాల్ కాన్ఫరెన్సు, దాని టీవీ డబ్బు బిగ్ టెన్ డబ్బు ముందు చాలా చిన్నది. బాస్కెట్‌బాల్ కోసమే యూకాన్ 2020లో 17 మిలియన్లు కట్టి పాత కాన్ఫరెన్సులోంచి బయటపడి బిగ్ ఈస్ట్‌కు తిరిగొచ్చింది. ఫుట్‌బాల్ జట్టును మాత్రం వదులుకోలేదు, దానికి ఏ కాన్ఫరెన్సూ లేదు. ఆ ఖర్చు ఏటా ఉంటుంది, ఆ స్థాయి టీవీ వాటా రాదు. హర్లీ ఇంకో మూడు కప్పులు తెచ్చినా ఈ తేడా పూడదు.

మరి ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు ఎవరి మీద పడుతుంది? 2020 వేసవిలో యూకాన్ నాలుగు జట్లను ఎత్తేస్తామంది. అబ్బాయిల క్రాస్ కంట్రీ, ఈత, టెన్నిస్, అమ్మాయిల రోయింగ్. ఈ నాలుగింట్లో ఏ కోచ్ జీతమూ హెడ్‌లైన్లకు ఎక్కే రకం కాదు. రోయింగ్ అమ్మాయిలు టైటిల్ నైన్ (చదువుల్లో ఆడామగా వివక్షను నిషేధించే) చట్టం కింద ఫెడరల్ కోర్టుకెక్కి తమ జట్టును కాపాడుకున్నారు. మిగతా పిల్లలకు ఆ దారి లేకపోయింది. హైస్కూల్లో టెన్నిస్ ఆడించే తెలుగు తల్లిదండ్రులు ఈ గదిలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. అందుకే ఇది చెప్పాను.

చివరగా మీకో పని అప్పజెప్తాను. ప్రభుత్వ యూనివర్సిటీల ఆటల శాఖలు ఏటా ఎన్‌సీఏఏకు ఆర్థిక నివేదిక ఇస్తాయి. పబ్లిక్ రికార్డుల చట్టం కింద అది అడగొచ్చు, కాకపోతే కొన్ని రాష్ట్రాల్లో ఆ హక్కు అక్కడి నివాసులకే ఉంటుంది. అందులో కోచ్‌ల జీతాల వరుస చివర చూడండి. మొదట స్టూడెంట్ ఫీజుల వరుస, తర్వాత యూనివర్సిటీ నేరుగా ఇచ్చిన సాయం, ఆ తర్వాత తీసేసినవాళ్లకు కట్టిన సెవరెన్స్. ఈ మూడూ ఐదేళ్లవి పక్కపక్కన పెట్టుకుని, సెవరెన్స్ ఎక్కువున్న ఏడాది అథ్లెటిక్ డైరెక్టర్‌గా ఎవరున్నారో, ఆ ఒప్పందం ఎవరి హయాంలో రాశారో వెతకండి.

ప్రశ్నలుంటే అడగండి. టీ వెనక బల్ల మీద ఉంది. యూకాన్ ఆడే గాంపెల్ పెవిలియన్‌లో టికెట్లు ఇప్పించమని మాత్రం నన్నడక్కండి, ఈ ప్రసంగం చేశాక నాకే దొరుకుతాయన్న నమ్మకం లేదు.