పదకొండు రోజుల తేడా

శ్రోతలకు నమస్కారం.

మా అక్క కూతురికి పద్దెనిమిదేళ్ళు నిండింది పార్లమెంటు ఎన్నికలు జరిగిన పదకొండు రోజులకి. పోలింగ్ నాడు పొద్దున్నే ఇంటిల్లిపాదీ బయల్దేరుతుంటే తనొక్కతే గుమ్మంలో నిలబడి, "నేనూ రానా పిన్నీ, బయటే నిలబడతాలే" అంది. అంతకుముందు నెల్లాళ్ళూ ఏ అభ్యర్థి ఏం చెప్పాడో పేపర్లో చూసి మా నాన్నగారికి చదివి వినిపించింది ఆ పిల్లే. ఆయనకి చూపు ఆనదు. మధ్యలో ఆపి, "అవన్నీ ఇస్తానంటున్నాడు సరే, డబ్బెక్కడిదటే?" అని ఆయన అడిగితే పాత పేపర్లు వెతికి మరీ జవాబు చెప్పేది. ఆ రోజు నాన్నగారు నా చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళి ఓటేసి వచ్చారు. పిల్ల గేటు బయట చెట్టుకింద ఉండిపోయింది.

ఇలాంటప్పుడు ఎవరైనా ఏమంటారు? "ఏముందమ్మా, వచ్చేసారి వేద్దువులే" అంటారు. నేనూ అదే అన్నాను. ఇంటికొచ్చాక లెక్క వేస్తే తెలిసింది, ఆ వచ్చేసారికి దానికి ఇరవై మూడు నిండబోతుంటాయని.

చట్టంలో 18 అనే రాసి ఉంటుంది. కానీ ఐదేళ్ళకోసారి ఎన్నికలు జరిగే చోట, పుట్టినరోజు కలిసొచ్చిన వాళ్ళు పద్దెనిమిదిలోనే ఓటేస్తారు, కలిసిరానివాళ్ళు దాదాపు ఇరవై మూడు దాకా ఆగుతారు. సగటు తీస్తే మొదటి ఓటు ఇరవైన్నర ఏళ్ళకి పడుతుంది. మధ్యలో చిన్న ఎన్నికలు వస్తాయి, నిజమే. నేను చెప్పేది ప్రభుత్వాన్ని ఎన్నుకునే ఓటు సంగతి. అదే వయసు 16 చేశారనుకోండి, ఇరవై ఒకటి దాటిన ఎవరికీ ఒక్క అవకాశమైనా రాలేదనే పరిస్థితి ఉండదు. ఓటు వయసు తగ్గించాలని నేను అనడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

ఈ అంకెలేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. చాలాకాలం చాలా దేశాల్లో ఓటు వయసు 21. మధ్యయుగాల ఇంగ్లండులో గుర్రమెక్కి యుద్ధం చేసే నైటు బరువైన కవచం మోయగలిగే వయసు నుంచి ఆ అంకె వచ్చిందని చరిత్రకారులు చెప్తారు. బ్రిటన్ 1969లో చట్టం చేసి దాన్ని 18కి దించింది. అమెరికాలో వియత్నాం యుద్ధానికి పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళని పంపుతూ ఓటు మాత్రం 21కి అన్నారు. "పోరాడే వయసు వస్తే ఓటేసే వయసూ వచ్చినట్టే" అనే నినాదం గట్టిగా వినిపించింది, 1971లో రాజ్యాంగాన్నే సవరించారు. భారతదేశంలో 61వ రాజ్యాంగ సవరణతో 1989లో 21 కాస్తా 18 అయింది. జపాన్ 2016లో గానీ 20 నుంచి 18కి రాలేదు. తగ్గించిన ప్రతిచోటా ముందు వినిపించిన మాట ఒకటే: నిన్నమొన్నటి పిల్లలు, వీళ్ళకేం తెలుసు అని.

ఇప్పుడా మాట పదహారు దగ్గరికి వచ్చింది. బ్రెజిల్‌లో 1988 రాజ్యాంగం నుంచీ 16, 17 ఏళ్ళ వాళ్ళు ఓటేయొచ్చు. ఆస్ట్రియా 2007లో, అర్జెంటీనా 2012లో, మాల్టా 2018లో ఇచ్చాయి. అలాగని బండి ఎప్పుడూ ఒకవైపే నడవలేదు. ఇరాన్‌లో ఒకప్పుడు 15కే ఓటుండేది, తర్వాత 18కి పెంచేశారు.

పదహారేళ్ళకి బుద్ధి ఎక్కడిది అంటారు. లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని రెండుగా విడదీసి చూపించారు. తీరిగ్గా కూర్చుని, నాలుగు సంగతులు తెలుసుకుని నిర్ణయం తీసుకోవడం ఒకటి. పక్కన స్నేహితులు రెచ్చగొడుతుంటే, ఒంట్లో ఆవేశం పొంగుతుంటే తనని తాను ఆపుకోవడం ఇంకొకటి. మొదటిది సుమారు పదహారుకల్లా పెద్దవాళ్ళతో సమానంగా వచ్చేస్తుంది, రెండోది రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. బండి తోలడానికి రెండోది కావాలి. ఓటుకి మొదటిది చాలు.

చాలునా అని నాకూ ఒక అనుమానం లేకపోలేదు. ఓటు తెరచాటున ఒంటరిగా వేస్తాం, ప్రచారం మాత్రం రాత్రీపగలూ ఫోన్లోనే జరుగుతోంది. అయితే ఆ ఊపులో కొట్టుకుపోవడంలో యాభై ఏళ్ళవాళ్ళు ఏం తక్కువ తిన్నారు? చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్ళకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.

అమ్మానాన్నలు చెప్పినట్టే వేస్తారట. ఆడవాళ్ళకి ఓటు ఇవ్వాలన్నప్పుడు భర్తలు చెప్పినట్టే వేస్తారన్నారు కదా. ఇక వేరే చెప్పేదేముంది.

పిల్లల ఓట్లన్నీ ఒకే పార్టీకి పోతాయనే లెక్కలు కూడా నిలవవు. 2024లో యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో జర్మనీ మొదటిసారి పదహారేళ్ళ వాళ్ళకి ఓటిచ్చింది. ఎప్పటినుంచో దానికోసం పట్టుబట్టిన గ్రీన్ పార్టీకే, అంతకుముందు ఎన్నికతో పోలిస్తే, కుర్రకారు ఓట్లు బాగా పడిపోయాయి. చేతులారా ఓటిచ్చి ఓటు పోగొట్టుకున్నారన్న మాట.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసే అభ్యంతరం ఇంకొకటి ఉంది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక ప్రకారం, దేశ చట్టం వేరేగా చెప్తే తప్ప, 18 నిండనివాళ్ళు పిల్లలే. వాళ్ళని పనిలో అరగదీయకూడదు, పెళ్ళి చేయకూడదు, తప్పు చేస్తే పెద్దల జైల్లో పెట్టకూడదు అని మొత్తుకునేవాళ్ళం మనమే. రేపు ఎవరో తెలివైనవాడు "ప్రభుత్వాన్ని ఎన్నుకునే వయసొచ్చిన వాడికి జైలుకెళ్ళే వయసు రాలేదా?" అని అడిగితే? అడుగుతారు కూడా. నేను చెప్పే జవాబు ఇది. ఓటు వల్ల ఆ పిల్లవాణ్ణి ఎవరూ మోసం చేసి అప్పులో దించలేరు, వాడి ఒంటికి దెబ్బ తగలదు. రక్షణ దేనికి కావాలో దానికి వయసు ఎక్కువ పెడతాం, మాట చెప్పడానికి తక్కువ పెడతాం. తమకి సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలని అదే ఒడంబడిక 12వ అధికరణం చెప్తోంది. అయినా ఆ తెలివైనవాడి ప్రశ్న ప్రమాదకరమైనదే. ఓటు వయసు తగ్గించే చట్టంలోనే, మిగతా రక్షణలు ఏవీ దీనివల్ల తగ్గవని ఒక వాక్యం రాయించుకోవాలి.

బ్రెజిల్ పద్ధతి నాకు నచ్చుతుంది. అక్కడ పద్దెనిమిది నుంచి డెబ్బై ఏళ్ళ దాకా చదువొచ్చిన వాళ్ళకి ఓటేయడం తప్పనిసరి, 16, 17 వాళ్ళకి ఐచ్ఛికం. ఇష్టమైతే పేరు నమోదు చేయించుకుని వేస్తారు, లేకపోతే లేదు. ఆసక్తి లేనివాణ్ణి ఎవరూ ఈడ్చుకురారు.

ఇంకొక్క సంగతి. మొదటిసారి ఓటేసినవాళ్ళకి అది అలవాటవుతుందని, మొదటిసారి మానేసినవాళ్ళకి మానేయడమే అలవాటవుతుందని ఎన్నికల మీద పరిశోధన చేసిన మార్క్ ఫ్రాంక్లిన్ అంటారు. ఆయన దృష్టిలో పద్దెనిమిది తర్వాతి రోజులు ఆ మొదటి ఓటుకి అంత మంచి సమయం కాదు. పై చదువో ఉద్యోగమో, మనిషి ఇల్లు వదిలి వెళ్ళే వయసు. పదహారులో అయితే ఇంట్లోనే ఉంటారు, బళ్ళోనే ఉంటారు, అడగడానికి టీచర్ ఉంటారు, పేరు అక్కడే నమోదు చేయించవచ్చు.

మా అక్క కూతురికి ఇప్పుడు ఇరవై ఒకటిన్నర. వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరింది. ఓటరు జాబితాలో పేరైతే ఎక్కింది, పాత అడ్రసుతో. వచ్చే ఎన్నికకి ఇంకా ఏడాదిన్నర ఉంది. మొన్న ఫోన్లో, "ఏమే, ఓటేయడానికి వస్తావా?" అని అడిగాను.

"సెలవు దొరికితే చూద్దాం పిన్నీ" అంది.