మేలుకున్న గింజతో రొట్టె

సభకు నమస్కారం.

అమెరికాలో పిల్లల దగ్గరకు వచ్చి ఉంటున్న మన పెద్దవాళ్ల నోట నేను తరచుగా వినే ఫిర్యాదు ఒకటుంది. చక్కెర వ్యాధి ఉందని, మొలకెత్తిన గింజల రొట్టె తింటే మేలని ఎవరో చెప్పారట. దుకాణంలో రొట్టెల వరుస ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వెతికినా అది కనబడలేదట. కనబడదు, ఎందుకంటే అది చాలా దుకాణాల్లో రొట్టెల దగ్గర ఉండదు, ఐస్‌క్రీముకు ఇరుగుపొరుగుగా ఫ్రీజరులో గడ్డకట్టి ఉంటుంది. ఆ రొట్టెను జనం అంతగా ఎందుకు ఇష్టపడుతున్నారు, అది అంత సులువుగా ఎందుకు దొరకదు అన్న రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటేనని నా అభిప్రాయం. ఈ పూట దాని గురించే మాట్లాడతాను.

నిద్రపోతున్న గోధుమ గింజకు నీరు తగిలితే ఏం జరుగుతుందో చూద్దాం. గింజ కొనలో ఉన్న చిన్న అంకురం మేలుకుని, తవుడు పొరకు ఆనుకుని ఉన్న కణాలకు ఒక హార్మోను ద్వారా కబురు పంపుతుంది. ఆ కణాలు అమైలేజ్ అనే ఎంజైమును తయారుచేసి లోపలి పిండి పదార్థం మీదికి వదులుతాయి. అది పొడవాటి పిండి గొలుసులను తెగ్గొట్టి మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. మొలకెత్తిన రాగులతో కాచిన జావ బెల్లం వేయకపోయినా కాస్త తియ్యగా ఉండటానికి, అదే పాళ్లలో మామూలు రాగిపిండితో కాచినదానికంటే పలచగా ఉండటానికి కారణం ఇదే. మా అమ్మ రాగులను గుడ్డలో మూటగట్టి, నీళ్లు చిలకరిస్తూ మొలకెత్తించి, ఆరబెట్టి, దోరగా వేయించి పసిపిల్లలకు పిండి పట్టించేది. ఎంజైము పేరు ఆమెకు తెలియదు, ఆ పిండితో జావ కాస్తే పిల్లలకు సులువుగా అరుగుతుందని మాత్రం తెలుసు.

మరో ఎంజైము ఫైటేజ్. గింజ తన భాస్వరాన్ని ఫైటిక్ ఆమ్లం రూపంలో దాచుకుంటుంది. ఆ ఆమ్లం మన కడుపులో ఇనుము, జింకు లాంటి ఖనిజాలను పట్టుకుని ఒంటికి అందనివ్వదు. మొలకెత్తే గింజలో ఫైటేజ్ ఆ పట్టును కొంత సడలిస్తుంది. ఫోలేట్ అనే బి విటమిన్ పెరుగుతుంది, ఎండు గింజలో దాదాపు లేని విటమిన్ సి కొద్దిగా పుడుతుంది, అయితే రొట్టె కాల్చే వేడికి అందులో చాలావరకు పోతుంది. మొలకెత్తించడం వల్ల పీచు పోదు. మెచ్చుకోదగిన సంగతులు ఇవీ, ఇంతకు మించి చెప్పేవాళ్లను కాస్త అనుమానంగానే చూడాలి.

ఇప్పుడు అసలు చిక్కు. రైతు కుటుంబాల నుంచి వచ్చినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. కోతల వేళ తుపాను వస్తే కృష్ణా, గోదావరి డెల్టాల్లో పనల మీదే వడ్లు మొలకెత్తడం, ఆ ధాన్యానికి ధర పడిపోవడం మీరు కళ్లారా చూసినవే. గోధుమకూ అదే గతి. గోధుమల వర్తకంలో దీన్ని పట్టుకోవడానికి ఫాలింగ్ నంబర్ అనే పరీక్ష ఉంది: పిండిని నీళ్లలో కలిపి, మరిగే నీటి తొట్టిలో ఉంచి, అందులో ఒక కలిపే కడ్డీ దిగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కపెడతారు. మొలకెత్తిన గింజల పిండి చిక్కబడదు కనుక కడ్డీ త్వరగా కిందికి జారిపోతుంది. 300 సెకన్లకు తక్కువైతే అమెరికాలో చాలాచోట్ల కొనేవాడు ధర తగ్గిస్తాడు. అలాంటి పిండితో చేసిన రొట్టె లోపల జిగటగా, బంకబంకగా వస్తుంది. పొలంలో మొలిస్తే దండుగ, కార్ఖానాలో మొలిపిస్తే రెట్టింపు ధర! ఇందులో వింత ఉన్నా మోసం లేదు. పొలంలో మొలక ఎంత పొడవు సాగిందో ఎవరి చేతిలోనూ ఉండదు, కార్ఖానాలో దాన్ని సరిగ్గా తెల్లటి వేరు తొంగిచూసే గడియకు ఆపుతారు. అమెరికాలోని ధాన్య రసాయన శాస్త్రవేత్తల సంఘం 2008లో పెట్టిన నిర్వచనం కూడా, తవుడు, అంకురం, లోపలి పిండి మూడూ ఉండి, మొలక పొడవు గింజ పొడవును మించకపోతేనే దాన్ని సంపూర్ణ ధాన్యంగా లెక్కించాలని చెబుతుంది.

అంత జాగ్రత్తపడినా, గింజ మేలుకోవడంతో పిండి పదార్థం, ముద్దకు సాగుడునిచ్చే గ్లూటెన్ అనే గోధుమ మాంసకృత్తు రెండూ కొంత బలహీనపడతాయి. అందుకే తడి మొలకలను అలాగే ముద్దగా రుబ్బి చేసే రొట్టెలకు విడిగా గోధుమ గ్లూటెన్ కలుపుతారు. పొడి పిండి వాడలేదని గొప్పగా చెప్పుకునే రొట్టె పొట్లం వెనక కూడా మీకు ఆ మాట కనిపిస్తుంది. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవారికి మొలకెత్తడం వల్ల గోధుమ నిరపాయమైపోతుందనుకోవడం ప్రమాదకరమైన అపోహ. ఇక తడి ముద్దతో చేసిన ఈ రొట్టెలో తేమ మిగులుతుంది, నిలవ ఉంచే రసాయనాలు సాధారణంగా వేయరు, కాబట్టి బయట ఉంచితే కొద్ది రోజుల్లోనే బూజు పడుతుంది. అందుకే ఫ్రీజరు.

ఇక్కడ అందరికీ తెలిసిన పేరు కాలిఫోర్నియాలోని కరోనా పట్టణంలో ఉన్న ఫుడ్ ఫర్ లైఫ్ వారి ఎజెకియల్ 4:9. ఆ అంకె బైబిలులో యెహెజ్కేలు గ్రంథం నాలుగో అధ్యాయం తొమ్మిదో వచనానిది. గోధుమ, బార్లీ, చిక్కుళ్లు, మసూరు పప్పు, చిరుధాన్యం, స్పెల్ట్ అనే పాత గోధుమ జాతి, ఈ ఆరింటినీ ఒకే పాత్రలో కలిపి రొట్టె చేసుకోమని అందులో ఉంది. కంపెనీ చిక్కుళ్లకు సోయాను వాడుకుంది. వచనంలో మొలకల ఊసే లేదు. పైగా అది ఆరోగ్యానికి చెప్పిన వంటకం కాదు: ముట్టడిలో చిక్కబోయే యెరూషలేములో తిండికి ఎంత కరవు రానున్నదో చూపడానికి, యెహెజ్కేలు ప్రవక్తను దేవుడు రోజుకు తూచినట్టు ఇరవై షెకెళ్ల (ఆనాటి తూనిక) ఎత్తు చొప్పున 390 రోజులు తినమన్న కష్టకాలపు తిండి. కాల్చడానికి చివరకు అనుమతి దొరికింది పశువుల పేడకు. పిడకల మంట మీద అన్నం వండుకున్న మనకు అది వింతగా తోచదు గానీ, పొట్లం మీద ఆ సంగతి వేయలేదు!

ఆ రొట్టెలో ఒక ముక్క సుమారు 34 గ్రాములు తూగుతుంది, దాదాపు 80 క్యాలరీలనిస్తుంది, అందులో 15 గ్రాముల పిండి పదార్థాలుంటాయి. చక్కెర వ్యాధి ఉన్నవారు గుర్తుపెట్టుకోవలసింది ఈ చివరి అంకె. కలిపిన చక్కెర లేకపోవడం, పీచు ఉండటం మంచివే, అయినా రెండు ముక్కలు తింటే 30 గ్రాములు తిన్నట్టే. అన్నం మానేశాను కదా అని నాలుగు ముక్కలు లాగించేవారిని నేనెరుగుదును.

ఇదే రకం రొట్టెలు చేసేవారు మరికొందరున్నారు. కాలిఫోర్నియాలోనే పెటలూమాలో ఉన్న ఆల్వరాడో స్ట్రీట్ బేకరీ పనిచేసేవాళ్లే యజమానులుగా నడిచే సహకార సంస్థ. కెనడాలో అబాట్స్‌ఫర్డ్‌కు చెందిన సిల్వర్ హిల్స్ ఉంది. పెద్ద నగరాల్లో హోల్ ఫుడ్స్ లాంటి చోట వెతకడం సులువు, చిన్న ఊళ్లలో మామూలు దుకాణం ఫ్రీజరు తలుపు తెరిచి చూడాలి. ధర సాధారణ రొట్టెకు చాలాచోట్ల రెండింతలకు తగ్గదు. పొట్లం ముందు వైపు రాసిన పెద్ద అక్షరాలను వదిలేసి, వెనక దినుసుల జాబితా చదవండి. బరువు ఎక్కువున్న దినుసు ముందుంటుంది కనుక, మొలకెత్తిన గోధుమ మొదట ఉండాలి. మామూలు గోధుమపిండి మొదట ఉండి మొలకల పేరు ఎక్కడో కింద కనిపిస్తే మీరు ఆ పేరుకే డబ్బు కడుతున్నారన్న మాట.

ఇండియాలో ఉన్న బంధువులు ఈ రొట్టె పంపమని అడిగితే, మా ఇంట్లో మేం చెప్పే మార్గం వేరు. గోధుమలను ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో కట్టి, వేరు కొన తెల్లగా కనబడగానే ఆపి, ఎండలో గలగలలాడేలా ఆరబెట్టి మరలో పట్టించమంటాం. ఆ పిండిని మామూలు గోధుమపిండిలో నాలుగో వంతు కలిపితే చపాతీ మెత్తగా వస్తుంది. అంతా అదే వాడితే పిండి చేతికి అంటుకుంటుంది, ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. ఇక్కడ ఫ్రీజరులోంచి తీసిన ముక్కను కరగనివ్వకుండా నేరుగా టోస్టరులో వేయండి. అంచులు కరకరలాడే దాకా కాల్చి, వేడి మీదే గోంగూర పచ్చడి రాసుకుంటే మా ఇంట్లో వెన్న డబ్బా ఎవరూ తెరవరు.