బెండు కదలని పూట

అందరికీ నమస్కారం.

విశాఖపట్నంలో చేపల మీద ప్రసంగం అనగానే వంజరం, చందువ, నెత్తళ్ళు గుర్తుకొస్తాయి. ఫిషింగ్ హార్బరు గుర్తుకొస్తుంది. ఈ సాయంత్రం సముద్రం ఊసు పక్కన పెడదాం. ఊరి అంచునే మేఘాద్రిగెడ్డ జలాశయం ఉంది. గోస్తనీ నది మీద తాటిపూడి, శారద మీద రైవాడ, అచ్యుతాపురం వైపు వెళితే కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు. ఇంత మంచినీరు చుట్టూ ఉన్న ఊరు మనది. ఆ గట్ల మీద గాలం పట్టుకుని కూర్చునే వాళ్ళు ఈ హాల్లో చాలామందే ఉన్నారని ముఖాలు చూస్తేనే తెలుస్తోంది.

నేను మాట్లాడబోయేది చేపలు బాగా పడే రోజు గురించి కాదు. ఆ రోజున ఎవరికీ ఎవరి సలహా అక్కర్లేదు. ఆదివారం తెల్లారకుండానే బయల్దేరి, టిఫిన్ కట్టించుకుని, పెందుర్తి దాటి గట్టెక్కి కూర్చుంటే, తొమ్మిదయ్యేసరికి కూడా గాలం దారానికి కట్టిన బెండు నీటి మీద తేలుతూ ఉలకదు పలకదు. అలాంటి పూట ఏం చేయాలన్నదే నా విషయం.

అలాంటప్పుడు మనలో ఎక్కువమంది చేసే మొదటి పని ఎర మార్చడం. వానపాము తీసి పిండి పెడతారు, పిండి తీసి రొట్టె పెడతారు, రొట్టె తీసి రొయ్య గుచ్చుతారు. పక్కవాడి డబ్బాలో ఏముందో అడుగుతారు. అప్పటికి పదిన్నర అవుతుంది. ఇన్నేళ్ళుగా గట్ల మీద చూసి నేను గట్టిగా నమ్మేది ఒకటుంది: ముందు లోతు మార్చండి, తర్వాత చోటు మార్చండి, ఎర సంగతి చివర చూడండి.

ఎందుకో చెబుతాను. మన జలాశయాల్లో పెరిగే ముఖ్యమైన చేపలు మూడు. బొచ్చె, రోహు, మ్రిగాల. రోహును శీలావతి అని, మ్రిగాలను ఎర్రమోసు అని పిలిచే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. ఈ మూడింటినీ బజార్లో పక్కపక్కన పెట్టినప్పుడు ఒకసారి నోళ్ళు చూడండి. బొచ్చెకు తల పెద్దది, నోరు పైకి తిరిగి ఉంటుంది. పైపొరలో తేలే సూక్ష్మజీవులను గాలించి తినడానికి తగిన నోరు అది. రోహు పెదవికి అంచున కుచ్చులాంటి మడత ఉంటుంది, అది నీటి నడిమి పొరలో మేస్తుంది. మ్రిగాల అడుగున బురదలో కుళ్ళిన ఆకూ అలమూ తింటుంది. ఒకే చెరువులో మూడూ కలిపి పెంచేది ఇందుకే, ఒకదాని తిండికి ఇంకొకటి పోటీ రాదు. ఇప్పుడు మీ గాలం నాలుగడుగుల లోతులో వేలాడుతోందనుకోండి. అక్కడ పన్నెండు అడుగుల నీరుంటే అడుగున మేసే మ్రిగాలకు మీ ఎర ఉన్నట్టే తెలియదు. దాన్ని వానపాము నుంచి రొయ్యకు మార్చినా తెలియదు.

దీనికి తోడు ఎండ. వెచ్చని నీరు ప్రాణవాయువును తక్కువగా పట్టి ఉంచుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇమిడితే, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది. చేప ఒంటికి సొంత వేడి ఉండదు. నీరు వేడెక్కేకొద్దీ దాని ఒళ్ళూ వేడెక్కి, ఊపిరి అవసరం పెరుగుతుంది. అవసరం పెరిగిన వేళకే సరఫరా తగ్గుతుందన్నమాట. ఏప్రిల్, మే నెలల్లో గాలి ఆడని రోజున జలాశయం పైపొర కాగిపోతుంది. అలాగని మరీ అడుగున హాయిగా ఉంటుందా అంటే, లోతైన చోట్ల అక్కడికి గాలి అందక ఆక్సిజన్ అసలే ఉండదు. పైన వేడి, కింద ఊపిరాడదు. చేపలు ఆ రెంటికీ మధ్య ఒక పొరలో సర్దుకుంటాయి. అది ఐదడుగుల దగ్గరో పదడుగుల దగ్గరో ఆ పూట వెతికి పట్టుకోవాల్సిందే.

కొండకర్ల ఆవలో తాటి దోనె మీద వల సర్దుకుంటున్న ఒక తాతను, చేపలు లేవేంటి తాతా అని అడిగాను ఒక వేసవిలో. ఆయన తలెత్తకుండానే, "ఏటి నేకపోడం బాబూ, నీరు ఉడికిపోతంది గదా, కిందకెల్లిపోనాయి" అన్నాడు. ఇప్పటిదాకా నేను చెప్పిందంతా ఆ ఒక్క మాటలో ఉంది.

లోతు వెతకడం ఎలాగంటారా? ముందు అక్కడ నీరెంతో తెలుసుకోవాలి. గాలం ముల్లుకు కాస్త బరువైన సీసం గుండు తాత్కాలికంగా తగిలించి విసరండి. బెండు మునిగిపోతే నీరు మీరు అనుకున్నదానికంటే లోతు. బెండును దారం మీద పైకి జరపండి. బెండు పక్కకు వాలి పడుకుంటే గుండు నేలకు తగిలి దారం మిగిలిపోయిందని అర్థం, కిందికి జరపండి. నిటారుగా నిలబడి కొన మాత్రం పైకి కనిపించిన చోట ఆగండి. అదే అడుగు. అక్కడి నుంచి జానెడు జానెడు చొప్పున ఎరను పైకి తెచ్చుకుంటూ రండి. ఒక్కో లోతుకు పావుగంట చాలు. దారం మీద చిన్న రబ్బరు ముడి వేసి గుర్తు పెట్టుకుంటే, మొదటి చేప తగిలిన లోతుకు మళ్ళీ సరిగ్గా వెళ్ళొచ్చు.

ఇక బెండు సంగతి. చేపలు మందకొడిగా ఉన్న రోజున అవి అసలు తాకడం లేదని మనం అనుకుంటాం. చాలాసార్లు తాకుతూనే ఉంటాయి, మనకు కనపడదు. లావుపాటి బెండు సగం పైకి తేలుతూ ఉంటే, చేప ఎరను పెదవులతో తీసి ఊసేసినా అది చలించదు. సన్నని బెండు పెట్టండి. బియ్యపుగింజంత కొన మాత్రమే నీటిపైన ఉండేలా దారానికి కట్టే సీసం బరువు సరిచూడండి. అప్పుడు మీకు రెండు రకాల కదలికలు కనిపిస్తాయి. మొదటిది అందరికీ తెలిసిందే, బెండు వణికి, పక్కకు జరిగి, మునుగుతుంది. రెండోది చాలామంది వదిలేసేది. మునగాల్సిన బెండు పైకి లేస్తుంది. లేచి మెల్లగా వాలిపోతుంది. అడుగున ఉన్న ఎరను మ్రిగాల నోట్లోకి తీసుకుని తల పైకెత్తినప్పుడు, దానితోపాటు సీసం కూడా లేస్తుంది. బరువు తగ్గిన బెండు తేలుతుంది. గాలికి వాలిందిలే అని మీరు చూస్తూ కూర్చునే ఆ క్షణమే గాలం లాగాల్సిన క్షణం.

చోటు గురించి. పొద్దున్నే వెళ్తేనే చేప పడుతుందన్నది మనలో పాతుకుపోయిన నమ్మకం. తాటిపూడి లాంటి విశాలమైన, నాచు తక్కువ ఉన్న జలాశయాల్లో అది నిజమే. కానీ కొండకర్ల ఆవలాంటి చోట లెక్క వేరు. అక్కడ నీళ్ళ నిండా మొక్కలు. పగలు ఎండలో నీటిలోపలి మొక్కలు ఆక్సిజన్ వదులుతాయి, రాత్రంతా అవే దాన్ని వాడేసుకుంటాయి. కాబట్టి అలాంటి నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తగ్గిపోయేది సరిగ్గా తెల్లవారుజామున, మీరు గాలం వేసే వేళకే. ఎండెక్కి రెండు గంటలు గడిచాక చేపలు కదలడం మొదలుపెడతాయి. అంటే ఎనిమిదింటికి విసిగి లేచిపోయినవాడు, వాటికి ఆకలేసే వేళకు ఇంటికి బయల్దేరుతున్నాడు.

గుర్రపుడెక్క ఇంకా చెడ్డది. దాని ఆకులు నీటి పైన గాలిలో ఉంటాయి, అది చేసే ఆక్సిజన్ అంతా గాలిలోకే పోతుంది. కింద నీటికి వెలుతురు కూడా అందనివ్వదు. దట్టంగా పరుచుకున్న గుర్రపుడెక్క కింద బొచ్చె, రోహు నిలవలేవు. అక్కడ నిలవగలిగేది కొర్రమీను, ఎందుకంటే అది పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకుంటుంది. అందుకే డెక్క మధ్య ఖాళీల్లో బుడుంగుమన్న చప్పుడు వినిపిస్తే అది కొర్రమీనో, దాని బంధువు మట్టగిడసో అయ్యుండొచ్చు. మిగతా చేపల కోసం డెక్క అంచుకు, తేటనీరు మొదలయ్యే చోటుకు జరగండి.

మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైనప్పుడు మేఘాద్రిగెడ్డ మీద అలలు లేస్తాయి. చాలామంది చిరాకుపడి గాలికి వీపు పెట్టి, నీరు నిశ్చలంగా ఉన్న గట్టుకు మారతారు. నేనైతే గాలి వెళ్ళి తగిలే గట్టుకే వెళ్ళమంటాను. పైపొర నీటిని, అందులో తేలే తిండిని గాలి ఆ గట్టుకే నెడుతుంది. అల విరిగిన చోట నీటిలోకి గాలి కలుస్తుంది. విసరడం కష్టమే, బెండు చూడటం ఇంకా కష్టం. అయినా ఆ కష్టం పడదగ్గదే.

గట్టు మీద కూర్చునే తీరు కూడా చెప్పాలి. నీటికి దగ్గరగా, ఒంగి కూర్చున్నవాడు లోపలున్న చేపకు దాదాపు కనపడడు. గట్టు మీద నిలబడి సెల్‌ఫోన్‌లో మాట్లాడేవాడు స్పష్టంగా కనపడతాడు. చేప ఒంటికి రెండు వైపులా ఒక గీత ఉంటుంది, నీటిలోని చిన్న కదలికనైనా అది పసిగడుతుంది. గట్టు రాళ్ళ మీద చెప్పుల దబదబ దానికి కబురు అందిస్తుంది.

ఎర గురించి తక్కువే చెబుతాను. తేటనీటిలో చిన్న ఎర, సన్న దారం. జూలైలో గెడ్డల నుంచి ఎర్రనీరు దిగినప్పుడు చేపకు కళ్ళు పనిచేయవు, వాసనే దారి. అప్పుడు వేరుశెనగ చెక్క, తవుడు, చోడిపిండి కలిపి రాత్రి నానబెట్టిన ముద్ద బాగా పనిచేస్తుంది. ఇక ఒక హెచ్చరిక: చేప రావడం లేదని తవుడు ముద్దలు దోసెళ్ళతో నీళ్ళలోకి విసరకండి. మందకొడిగా ఉన్న చేప ఆ కాస్తా తిని, మీ గాలం వంక చూడకుండా వెళ్ళిపోతుంది. నిమ్మకాయంత ముద్ద, అరగంటకొకసారి. అంతకు మించి వద్దు.

ఇవన్నీ చేసినా పెద్దచేప తాకలేదనుకోండి. అప్పుడు చిన్నచేపల వైపు తిరగండి. ఈ మాట చెబితే కొందరు చిన్నబుచ్చుకుంటారు. పరిగెలు పట్టడం పిల్లల ఆట అనుకుంటారు. పద్నాలుగో నంబరో పదహారో నంబరో గాలం కట్టి చూడండి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుందని కొత్తవాళ్ళు గుర్తుంచుకోవాలి. మిరియపుగింజంత పిండి గుచ్చి, మోకాలి లోతు నీళ్ళలో, గడ్డి పక్కన వేయండి. పరిగె, పక్కె, చిన్న జెల్ల, ఏదో ఒకటి వస్తుంది. జెల్ల ముళ్ళతో మాత్రం జాగ్రత్త, రెక్కల దగ్గర పొడుచుకుంటే చెయ్యి సాయంత్రం దాకా సలుపుతుంది. తిలాపియా ఎండకూ, ఆక్సిజన్ కరువుకూ ఓర్చుకునే చేప. 1952లో ఆఫ్రికా జాతి తిలాపియాను మన దేశంలోకి తెచ్చారు, ఇప్పుడది లేని చెరువు లేదు. నడిమధ్యాహ్నం మిగతావన్నీ నోరు మూసుకున్నా అది తింటుంది. పిల్లల్ని వెంట తీసుకెళ్ళిన రోజున దీనికి మించిన చేప లేదు. మూడు గంటలు ఏమీ లేకుండా కూర్చున్న పిల్లవాడు మళ్ళీ గట్టుకు రానంటాడు. నాలుగు తిలాపియాలు లాగినవాడు వచ్చే ఆదివారం తనే మనల్ని నిద్రలేపుతాడు.

చేపల మందగింపు ఒక అవకాశం కూడా ఇస్తుంది, నీటిని తీరిగ్గా చూసే అవకాశం. వానాకాలంలో ఒడ్డు దగ్గర నీరు ఒకచోట సన్నగా చిమచిమలాడుతూ, నారింజ ఎరుపు రంగులో పిల్లచేపల గుంపు కనిపిస్తే ఆగి చూడండి. అవి కొర్రమీను పిల్లలు. నిమిషం నిమిషానికీ గాలి కోసం పైకొస్తాయి, మళ్ళీ దిగుతాయి. వాటి కిందే తల్లో తండ్రో కాపలా ఉంటుంది. కప్ప బొమ్మ ఎర ఆ గుంపు మీద వేస్తే కాపలా చేప కోపంతో తప్పకుండా కొడుతుంది, అది చాలామందికి తెలుసు. దయచేసి వేయకండి. ఆ ఒక్క చేప పోతే, ఆ పిల్లలన్నీ ఆ సాయంత్రానికే వేరే చేపలకు తిండి అయిపోతాయి. ఈ విషయంలో నాకు రాజీ లేదు.

మరొకటి. జలాశయంలో బొచ్చెలు, రోహులు వాటంతట అవి పుట్టుకు రావు. అవి నదిచేపలు, వరదనీటి పారుదలలో గుడ్లు పెడతాయి, నిలవనీటిలో పెట్టవు. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఒడిశాలో, పిట్యూటరీ గ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించగలిగారు. ఏటా ఆ తేదీన జాతీయ చేపల రైతుల దినోత్సవం జరిపేది అందుకే. మన జలాశయాల్లో వదిలే చేపపిల్లలు ఆ పద్ధతి నుంచి వచ్చినవే. అంటే మీ గాలానికి తగిలిన రోహును ఎవరో తెచ్చి వదిలారు, ఎవరి బతుకో దాని మీద ఉంది. అక్కడ వేట హక్కు మత్స్యకారుల సంఘానికి ఉంటే, ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి అడగండి. తాగునీటి జలాశయాల్లో నిషేధం ఉన్నచోట గాలం వేయకండి. మందుగుండుతో, విషంతో చేపలు పట్టడం 1897 నాటి ఫిషరీస్ చట్టం నుంచే నేరం. అలాంటిది ఎక్కడైనా కనిపిస్తే ఊరుకోవద్దు.

తిరిగి వదలదలచిన చేపను పట్టుకునే ముందు చేతులు తడుపుకోండి. పొడిచేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు ఊడిపోయి పుండ్లు పడతాయి. తెగిన నైలాన్ దారం ముక్కలు జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి. ఆవలో నీటికోళ్ళ కాళ్ళకు చుట్టుకునేది అదే.

చివరగా పిడుగుల మాట. మేలో, జూన్‌లో మధ్యాహ్నం దాటాక పడమటి కొండల మీద మబ్బు నల్లబడితే, చేప అప్పుడే తాకడం మొదలుపెట్టినా సరే, లేచిపోండి. మనం ఇప్పుడు వాడే కార్బన్ రాడ్లు విద్యుత్తును చక్కగా ప్రసరింపజేస్తాయి. ఖాళీ గట్టు మీద వాటిని పైకెత్తి పట్టుకుని నిలబడటం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. రాడ్ కింద పెట్టి, చెట్టు కిందకు కాకుండా పక్కా భవనంలోకో కారులోకో వెళ్ళండి.

వెనక బల్ల మీద సన్నవీ లావువీ బెండ్లు కొన్ని, ఒక బకెట్లో నీళ్ళు పెట్టాను. సీసం సరిచూడటం చేత్తో చేసి చూస్తేనే వస్తుంది. రండి, ఒక్కొక్కరుగా ప్రయత్నించండి, ప్రశ్నలు అక్కడే మాట్లాడుకుందాం.