స్కాన్ చేయండి, మౌంట్లు పారేయకండి

సభకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ ఇందాకే చెప్పారు, నేను మళ్లీ చెప్పను. ఇవాళ ఆగస్టు 19, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. 1839లో ఇదే రోజున, ఫ్రాన్సుకు చెందిన డాగేర్ కనిపెట్టిన ఫొటో తీసే పద్ధతిని పారిస్‌లో వెల్లడించారు. ఆ చరిత్ర నా తర్వాతి వక్తలు చెబుతారు. నేను పాత స్లైడ్ల గురించి మాట్లాడతాను, అంటే ప్రొజెక్టర్‌తో గోడ మీద వేసి చూసే చిన్న ఫిల్ము బొమ్మలు. వాటిని బిగించే అట్ట లేదా గాజు చట్రమే మౌంటు.

మా బావ శ్రీశైలం ప్రాజెక్టులో ఇంజనీరు. 1981లో ముంపు ఊళ్లు ఖాళీ చేయిస్తున్నప్పుడు సెలవు దొరికితే కెమెరా పట్టుకుని కృష్ణ ఒడ్డుకు వెళ్లేవాడు. కూల్చిన ఇళ్లు, సామాను ఎక్కించిన బండ్లు, బడి అరుగు తీశాడు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు, అది చూడొచ్చు. ఆ బడి అరుగు ఎక్కడ చూస్తాం?

బావ పోయాక మా అక్క ఆ స్లైడ్ల పెట్టెను నగరంలో ఒక స్కానింగ్ షాపుకిచ్చింది. వాళ్లు అట్ట మౌంట్లు చించి, ఫిల్ము ముక్కలు బయటికి తీసి స్కాన్ చేశారు. రంగులు మిషనే సరిచేసింది. పెన్‌డ్రైవ్ ఇచ్చారు. మౌంట్లు చెత్తలో వేశారు. ఊరి పేరు, తారీఖు, ఎవరి ఇల్లో బావ పెన్సిలుతో రాసింది ఆ అట్టల మీదే! ఇప్పుడు బొమ్మలున్నాయి, అవి ఏ ఊరివో తెలియదు. అక్క ఒక్కో ఫొటో చూసి "ఇది మన పక్కూరేమోరా" అంటుంది. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

అందుకే చెబుతున్నాను, మౌంటు కూడా ఫొటోలో భాగమే. కొన్నిటి మీద ఫిల్ము కడిగిన నెల, సంవత్సరం అచ్చయి ఉంటాయి. ముందు మౌంటు రెండు వైపులా ఫోన్‌తో ఫొటో తీయండి, తర్వాతే స్కానింగ్.

దుమ్మును గాలి బల్బుతో ఊదండి, మెత్తటి బ్రష్‌తో దులపండి. నీళ్లు మాత్రం తగలనివ్వకండి. ఫిల్ము మీద బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ అనే జిగురు పొర బూజుకు ఆహారం. బూజు తిన్న జెలటిన్ తడి తగిలితే కరిగిపోతుంది, దాంతో బొమ్మా పోతుంది. మన వానాకాలం తేమలో బూజు ఎంత త్వరగా పడుతుందో మీకు తెలుసు. గాజు మౌంట్లయితే లోపలి తేమ బయటికి పోదు, వాటిని ముందు చూడండి.

ఎర్రబారిన స్లైడు పాడైపోయిందని పారేయొద్దు. ఎక్టాక్రోమ్, కొడాక్రోమ్ అని కొడాక్ కంపెనీ స్లైడు ఫిల్ములు రెండున్నాయి. పాత ఎక్టాక్రోమ్‌లో ముందు వెలిసిపోయేది సయాన్, అంటే నీలి ఆకుపచ్చ రంగు, అందుకే ఎరుపు తేలుతుంది. చాలావరకు సరిచేయొచ్చు. కొడాక్రోమ్ చీకట్లో బాగా నిలుస్తుంది కానీ ప్రొజెక్టర్ వెలుగు దానికి సరిపడదు, గోడ మీద పదే పదే వేయకండి. స్కానర్‌లో దుమ్ము, గీతలు తుడిచే ఇన్‌ఫ్రారెడ్ పద్ధతి కొడాక్రోమ్ మీద సరిగా పనిచేయదు, షాపువాళ్లు వాడుతుంటే ఆపమనండి. 4000 డీపీఐలో, అంటే అంగుళానికి 4000 చుక్కల చొప్పున తీస్తే 35 మి.మీ. స్లైడుకు సుమారు 2 కోట్ల పిక్సెళ్లు వస్తాయి. రంగు దిద్దని టిఫ్ ఫైలు (నాణ్యత తగ్గించకుండా బొమ్మను దాచే ఫైలు) విడిగా దాచుకుని, దిద్దుబాటు కాపీ మీద చేసుకోండి.

అమ్మా, అయ్యా, మీలో ఎంతమంది ఇళ్లలో స్లైడ్ల పెట్టెలున్నాయి? చేతులెత్తండి... చూశారా, ఎన్ని చేతులో! ముంపు ఊళ్లవాళ్లు ఉంటే ఇంకా పైకెత్తండి. మీ ఇంట్లో ఆ మనుషుల్ని గుర్తుపట్టగలిగే పెద్దవాళ్లు ఉన్నారు కదా? స్కానర్ రేపు కూడా దొరుకుతుంది, వాళ్లను మాత్రం ఇవాళే కూర్చోబెట్టి అడగండి. చెప్పిందంతా ఫోన్‌లో రికార్డు చేయండి. సభ అయ్యాక నేను గుమ్మం దగ్గరే ఉంటాను, పెట్టె తెచ్చినవాళ్లు ఆగండి, మౌంట్లు కలిసి చదువుదాం.