క్యారెట్ తురుము, రెండు గిన్నెలు, కొవ్వు కణంలో ఒక జన్యువు

నమస్కారం అండీ. ఇవాళ పాఠం స్టవ్ దగ్గరే, తిన్న ఆకుకూర మన జన్యువుల్ని ఎలా పనిలోకి దింపుతుందో చూద్దాం. క్యారెట్ ఒకటి తురిమి రెండు భాగాలు చేశాను. ఒకటి ఈ నీళ్లలో వేస్తున్నాను, రెండోది ఈ నూనెలో. సన్న సెగ మీద కాసేపు ఉంచుదాం.

(రెండు గిన్నెలూ దగ్గరగా)

చూశారా? నీళ్లకి పెద్దగా రంగు పట్టలేదు. నూనె మాత్రం నారింజ రంగుకి తిరిగింది. ఆ రంగు బీటా కెరోటిన్‌ది. మునగాకులోనూ ఇది దండిగా ఉంటుంది, ఆకుపచ్చ చాటున కనిపించదు, అంతే. నూనె చుక్క లేకుండా ఉడికించి తింటే పేగు దీన్ని సరిగా పీల్చుకోలేదు. గోదావరి వైపు తెలగపిండి వేసి మునగాకు వండుతారే, ఆ పిండిలో నువ్వుల నూనె ఎంతో కొంత మిగిలే ఉంటుంది, పైన పోపు ఎలాగూ పడుతుంది. ఆ కూరంటే నాకు అందుకే మరీ ఇష్టం.

ఇక బోర్డు చూడండి. బీటా కెరోటిన్ అణువులో 40 కార్బన్లు ఉంటాయి. మన ఒంట్లో ఒక ఎంజైమ్ దీన్ని సరిగ్గా నడిమికి విరుస్తుంది. రెండు ముక్కలూ విటమిన్ ఎ రూపాలే. వాటిలో కొంత రెటినోయిక్ ఆమ్లంగా మారి కణ కేంద్రకంలోకి చేరుతుంది.

అక్కడ డీఎన్‌ఏ, హిస్టోన్లనే ప్రొటీన్ ఉండల చుట్టూ కండెకు చుట్టిన నూలులా ఉంటుంది. చుట్టు బిగిసిన చోట జన్యువు చదవడానికి అందదు. ఆ డీఎన్‌ఏ మీద ఆర్‌ఏఆర్, ఆర్‌ఎక్స్‌ఆర్ అనే జంట ప్రొటీన్లు కూర్చుని ఉంటాయి. రెటినోయిక్ ఆమ్లం లేనప్పుడు, చుట్టు బిగించే ప్రొటీన్లను దగ్గర పెట్టుకుంటాయి. ఆమ్లం వచ్చి అతుక్కోగానే వాటిని వదిలేసి, చుట్టు సడలించేవాటిని తెచ్చుకుంటాయి. హిస్టోన్ల మీద ఎసిటైల్ అనే చిన్న రసాయన గుర్తులు పడతాయి, నూలు వదులవుతుంది, జన్యువు పని మొదలుపెడుతుంది. జన్యువులో అక్షరం ఒక్కటి కూడా మారలేదు, గమనించండి.

మన ఒంట్లో గోధుమరంగు కొవ్వని వేడి పుట్టించే రకం ఒకటి ఉంటుంది, అందులోని యూసీపీ1 జన్యువుకి ఇలాంటి మీట ఉంది. అది పనిచేస్తే కొవ్వు నిల్వ ఉండకుండా వేడిగా ఖర్చవుతుంది. ల్యాబ్‌లో, ఇంకా కొవ్వు కణాలు కాని లేత కణాలకి మొదట్లోనే రెటినోయిక్ ఆమ్లం ఇస్తే, అవి కొవ్వు కణాలుగా ఎదగవు.

ఇందులో మన హైదరాబాద్ పాత్ర కూడా ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో, జన్యు లోపం వల్ల విపరీతంగా లావెక్కే ఎలుకల జాతి ఒకటి ఉంది. డబ్ల్యూఎన్‌ఐఎన్-ఓబీ అంటారు. 1996లో దాని గురించి ప్రచురించారు. విటమిన్ ఎ మామూలు కంటే చాలా రెట్లు కలిపిన మేత పెట్టినప్పుడు వాటి ఒంట్లో కొవ్వు తగ్గింది.

ఈ మాట విని విటమిన్ ఎ మాత్రలు కొనకండి, బతిమాలి చెబుతున్నాను. ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది, గర్భిణులు వేసుకుంటే బిడ్డకి అవయవ లోపాలు రావచ్చు. ఆకుతో ఆ భయం లేదు. ఎందుకో చెబుతాను, ఈ మొత్తంలో నన్ను కట్టిపడేసే సంగతి ఇదే. రెటినోయిక్ ఆమ్లం సరిపడా చేరాక, పేగు కణాల్లో ఐఎస్‌ఎక్స్ అనే జన్యువు పనిలోకి దిగుతుంది. కెరోటిన్‌ని లోపలికి తెచ్చే ప్రొటీన్‌నీ, దాన్ని విరిచే ఎంజైమ్‌నీ తగ్గించేస్తుంది. అంటే తిండి తానే ఒక జన్యువుని లేపి, తన దారిని తానే మూయించుకుంటుంది! మాత్రలోని తయారు విటమిన్ ఎకి ఈ కాపలా అడ్డురాదు.

పోనీ కెరోటిన్ మాత్రలు? ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లకి రోజుకి 20 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. 1994లో ఫలితాలు వచ్చాయి, ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది.

మరి మునగాకు తింటే పొట్ట తగ్గుతుందా అంటే, ఆకు ఒక్కదానితో తగ్గుతుందని నేను చెప్పను. ఆ ఎలుకల మేతలోని మోతాదు మన కంచంలోకి రాదు. కొవ్వు కణానికి అందాల్సిన కబురు మాత్రం రోజూ అందాలి, దానికి ఆకుకూర, కాస్త నూనె చాలు.

ఈ నారింజ నూనె పారబోయకండి. తురుముతో సహా ఇందులోనే ఆవాలు, ఎండుమిర్చి వేస్తున్నాను. ఆకు దూసి పెట్టుకున్నారా?